కంపెనీ లోపలి పోర్టల్‌లో లైవ్ రిపోర్టులు చూపించాలంటే ఏ దారి మేలు?

ప్రశ్న అడిగినవారు: భీమవరం_ఐటీ

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను ఐటీ విభాగం చూస్తున్నాను. విభాగం అన్నది పేరుకే, నేనూ మరో కుర్రవాడూ తప్ప ఎవరూ లేరు. ఉద్యోగులు మాత్రమే వాడుకునే అంతర్గత పోర్టల్ ఒకటి మాకుంది. హాజరు, సెలవులు, గేటు పాసులు, వ్యాన్ల ఇండెంట్లు అన్నీ అందులోనే నడుస్తాయి. కొనుగోళ్లు, ఉత్పత్తి, కోల్డ్ స్టోరేజీ నిల్వల సమాచారం మాత్రం వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దాని డేటాబేస్ మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్. ఆ సర్వరు ప్లాంటు ఆఫీసులోనే ఉంది.

ఇప్పటివరకు నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, రోజూ ఉదయం ఒకరు ఆ సాఫ్ట్‌వేర్ నుంచి వివరాలను ఎక్సెల్‌లోకి దించి, కేంద్రాల వారీగా, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు అన్నది) వారీగా కూడి, వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆకివీడు, కైకలూరు, మొగల్తూరు వైపు చెరువుల్లో పట్టుబడులు రాత్రి పూటే మొదలవుతాయి కాబట్టి, ఆ ఫైలు అందరి ఫోన్లకూ చేరేసరికి మరో నాలుగు వ్యాన్లు గేటులోకి వచ్చి ఉంటాయి. పీలింగ్‌కు ఎంతమందిని పిలవాలో, ఏయే ఫ్రీజర్లు నడపాలో ప్లాంటు మేనేజరు గారు పాత అంకెలు చూసే నిర్ణయించుకోవలసి వస్తోంది.

ఇప్పుడు యాజమాన్యం కోరుతున్నది, ఎవరు పోర్టల్‌లోకి వచ్చినా తమకు సంబంధించిన రిపోర్టు అక్కడే లైవ్‌గా కనిపించాలని, దానికోసం మరో యాప్, మరో పాస్‌వర్డ్ ఉండకూడదని. నేను పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్) మూడు నాలుగు రిపోర్టులు తయారుచేసి చూపించాను, అవి వారికి నచ్చాయి. చూడవలసినవారు అందరూ కలిసి 60 మంది దాకా ఉంటారు. ఒక కొనుగోలు కేంద్రం బాధ్యుడికి మరో కేంద్రంలో ఇచ్చిన రేటు కనిపించకూడదన్నది గట్టి షరతు. రిపోర్టును "వెబ్‌లో ప్రచురించు" అన్న మీటతో లింకుగా మార్చి ఐఫ్రేమ్‌లో (ఒక పేజీలో మరో పేజీని చూపించే చట్రం) పెడితే సరిపోతుందని, దానికి ఖర్చు కూడా ఉండదని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. అది సరైన దారేనా? కాకపోతే మా స్థాయి కంపెనీకి తగిన దారి ఏది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: రాజమండ్రి_రిపోర్టులు

ముందుగా ఆ ఉచిత సలహా సంగతి చూద్దాం. "వెబ్‌లో ప్రచురించు" అన్నది పత్రికలు, ప్రభుత్వ శాఖలు అందరికీ తెలియవలసిన గణాంకాలను చూపించడానికి పెట్టిన సదుపాయం. ఆ లింకు తెలిసిన ప్రతివారికీ, ప్రపంచంలో ఎక్కడున్నా, ఏ లాగిన్ లేకుండానే రిపోర్టు తెరుచుకుంటుంది. మీ పోర్టల్‌కు పాస్‌వర్డ్ ఉన్నా ఫలితం లేదు, ఎందుకంటే పేజీ సోర్సులో ఆ లింకు ఉంటుంది, దాన్ని కాపీ చేసుకున్నవారికి పోర్టల్‌తో పనే ఉండదు. పైగా, ఎవరికి ఏ వరుసలు కనిపించాలో నిర్ణయించే రో లెవెల్ సెక్యూరిటీ ఉన్న రిపోర్టును ఆ పద్ధతిలో ప్రచురించడానికే వీలుండదు. రేట్లు ఉన్న రిపోర్టుకు ఆ దారి గురించి ఆలోచించనే వద్దు.

మిగిలిన దారులను తూచి చూడటానికి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: రిపోర్టు ఎవరి పేరు మీద తెరుచుకుంటోంది? చూస్తున్న ఉద్యోగి పేరు మీదా, లేక పోర్టల్ పేరు మీదా? లైసెన్సు ఖర్చు, భద్రత, ప్రోగ్రామింగ్ శ్రమ, ఈ మూడూ దీని వెంటే వస్తాయి. ఐఫ్రేమ్ పెట్టడం ఐదు నిమిషాల పని, దాని గురించి పెద్దగా చర్చించవలసింది లేదు.

ఉద్యోగి పేరు మీద తెరుచుకునే పద్ధతిలో, పవర్ బీఐ సర్వీస్‌లో (వెబ్‌లో నడిచే పవర్ బీఐ) రిపోర్టు తెరిచి, ఫైల్ మెనూలో "వెబ్‌సైట్ లేదా పోర్టల్" అన్న ఎంబెడ్ (మరో పేజీలో పొదగడం) ఎంపిక నుంచి కోడ్ తీసుకుని మీ పేజీలో అతికిస్తారు. ఇది సురక్షితమే. అయితే చూసే ప్రతి ఒక్కరికీ మైక్రోసాఫ్ట్ వర్క్ అకౌంటు ఉండాలి (సొంత జీమెయిల్ అకౌంటు పనికిరాదు), దాని మీద ప్రో లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి ప్రో ధర ఒక్కొక్కరికి నెలకు 14 డాలర్లు అయింది, అంతకుముందు 10 ఉండేది. మీ 60 మందికీ కలిపి, పన్నులు కాక, నెలకు 840 డాలర్లు. ప్రో లేని ఉచిత యూజర్లు కూడా చూడాలంటే వర్క్‌స్పేస్‌ను (రిపోర్టులు ఉంచే ఫోల్డరు లాంటిది) ఎఫ్64 లేదా అంతకన్నా పెద్ద కెపాసిటీలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే సామర్థ్యం) పెట్టాలి. దాని ఖర్చు నెలకు వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి 60 మంది కోసం ఎవరూ తీసుకోరు. ఇంకొక సంగతి, మైక్రోసాఫ్ట్‌లో అప్పటికే సైన్ ఇన్ అయి లేనివారికి ఐఫ్రేమ్ లోపల రిపోర్టుకు బదులు సైన్ ఇన్ మీట కనిపిస్తుంది, దాన్ని నొక్కితే వేరే విండో తెరుచుకుంటుంది. "మరో పాస్‌వర్డ్ ఉండకూడదు" అన్న మీ యాజమాన్యం షరతు ఇక్కడే దెబ్బతింటుంది. మీ పోర్టల్ లాగిన్‌ను కూడా అదే మైక్రోసాఫ్ట్ అకౌంటుకు ముడిపెడితే ఈ చికాకు చాలావరకు తగ్గుతుంది.

రెండవ పద్ధతిలో పోర్టలే తన పేరు మీద రిపోర్టు తెరుస్తుంది. మీ సర్వరు, సర్వీస్ ప్రిన్సిపల్ అనే యంత్ర ఖాతాతో మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లి, ఫలానా రిపోర్టుకు, ఫలానా కేంద్రం వరకే చెల్లే ఎంబెడ్ టోకెన్ (తాత్కాలిక అనుమతి చీటీ) అడిగి తెచ్చుకుంటుంది. ఆ టోకెన్‌తో బ్రౌజర్‌లో రిపోర్టు వస్తుంది. చూసేవారికి మైక్రోసాఫ్ట్ అకౌంటే అక్కర్లేదు, ఒక్కొక్కరికి లైసెన్సు కూడా అక్కర్లేదు. దానికి బదులు కెపాసిటీ కొనాలి, చిన్న ఎఫ్ కెపాసిటీలతోనూ ఇది నడుస్తుంది. వాడకపోతే ఆపి ఉంచుకోవచ్చు, కానీ ఆపిన సమయంలో రిపోర్టులు తెరుచుకోవు. ఈ పద్ధతికి మైక్రోసాఫ్ట్ పెట్టిన పేరే "మీ కస్టమర్ల కోసం ఎంబెడ్ చేయడం". సొంత ఉద్యోగులకు వాడుకునే విషయంలో లైసెన్సు షరతులను అమ్మకందారు చేత రాతపూర్వకంగా ఖాయం చేయించుకున్నాకే డబ్బు కట్టండి. ఇందులో ప్రోగ్రామింగ్ పని కూడా ఉంటుంది. ముఖ్యంగా ఆ టోకెన్ ఆయుష్షు సాధారణంగా గంట దాకానే ఉంటుంది. ప్యాకింగ్ హాలు గోడ మీద టీవీలో రిపోర్టు పెట్టి వదిలేసే ఆలోచన మీకుంటే, గడువు తీరేలోపు కొత్త టోకెన్ తెచ్చి అందించే కోడ్ రాయకపోతే గంట తర్వాత ఆ తెర పనిచేయదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కేంద్రాల మధ్య గోడ కట్టవలసింది రో లెవెల్ సెక్యూరిటీతోనే. లింకు చివర ఫిల్టర్ తగిలించి ఆకివీడు వారికి ఆకివీడు మాత్రమే చూపించాం అనుకునేవారు చాలామంది కనిపిస్తారు. అడ్రసు బార్‌లోనో, పేజీ సోర్సులోనో ఆకివీడు అన్నచోట కైకలూరు అని మారిస్తే కైకలూరు అంకెలు వచ్చేస్తాయి. ఫిల్టర్ వల్ల చూడటం సులువవుతుంది గాని కాపలా దొరకదు. ఇక రో లెవెల్ సెక్యూరిటీ వర్క్‌స్పేస్‌లో వ్యూయర్ హోదా ఉన్నవారికే వర్తిస్తుంది. అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్ హోదాలో ఉన్నవారికి వర్తించదు. పని తొందరలో ఒక కేంద్రం బాధ్యుణ్ణి మెంబర్‌గా చేర్చారంటే, మీరు రాసిన నిబంధనలన్నీ సరిగ్గా ఉన్నా ఆయనకు అన్ని కేంద్రాల రేట్లూ కనిపిస్తాయి.

జవాబు: కాకినాడ_సర్వర్

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే డేటాబేస్ ప్లాంటులోనే, పోర్టల్ ప్లాంటులోనే, చూసేవారిలో ఎక్కువమంది ప్లాంటులోనే ఉన్నప్పుడు, అంకెలు క్లౌడ్ దాకా వెళ్లి తిరిగి రావలసిన అవసరం ఉందా అని కూడా ఆలోచించండి. మెటాబేస్, అపాచీ సూపర్‌సెట్ రెండూ రిపోర్టులు చూపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు, రెండూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో పనిచేస్తాయి, రెండింటినీ మీ దగ్గరున్న ఒక మామూలు లినక్స్ యంత్రంలో నడుపుకోవచ్చు.

మెటాబేస్ ఉచిత ప్రతిలో స్టాటిక్ ఎంబెడింగ్ అని ఒక సదుపాయం ఉంది. మీ పోర్టల్ సర్వరు ఒక రహస్య కీతో సంతకం చేసిన టోకెన్ తయారుచేస్తుంది. అందులో "కేంద్రం = ఆకివీడు" అన్న పరామితిని (రిపోర్టుకు ఇచ్చే విలువ) లాక్ చేస్తే, సంతకం చెడకుండా దాన్ని మార్చడం బ్రౌజర్ ముందు కూర్చున్నవారికి సాధ్యం కాదు. ఇంతకుముందు చెప్పిన అడ్రసు బార్ ముప్పు దీనితో పోతుంది. ఆ రహస్య కీ ఎట్టి పరిస్థితుల్లోనూ జావాస్క్రిప్ట్‌లోకి రాకూడదు, సర్వరు వైపే ఉండాలి. ఉచిత ప్రతిలో ఎంబెడ్ చేసిన రిపోర్టు కింద మెటాబేస్ ముద్ర ఒకటి కనిపిస్తుంది. లోపలి సైటే కాబట్టి మీకది అభ్యంతరం కాకపోవచ్చు. చూసేవారు రిపోర్టు లోపలికి తవ్వుకుంటూ వెళ్లి సొంతంగా కొత్త ప్రశ్నలు వేసుకునే సౌకర్యం కావాలంటే మాత్రం అది డబ్బు కట్టే ప్రతిలోనే ఉంది. కేంద్రం బాధ్యులకు అది అవసరం పడుతుందని నేను అనుకోను.

సూపర్‌సెట్‌లో గెస్ట్ టోకెన్ పద్ధతి ఉంది, అందులో వరుసల వారీ నిబంధనను టోకెన్‌తోపాటే పంపవచ్చు. చార్టుల రకాలు ఎక్కువ, కానీ ఏర్పాటు చేసుకోవడం, వెర్షన్లు మార్చుకోవడం కొంచెం ఓపిక పట్టవలసిన పని. ఇద్దరే ఉన్న విభాగానికి నేనైతే మెటాబేస్ వైపే మొగ్గుతాను. దాన్ని వేసుకున్న రోజే ఒక పని చేయండి. అది తన సొంత వివరాలను దాచుకోవడానికి మొదట్లో హెచ్2 అనే చిన్న ఫైలు డేటాబేస్ వాడుతుంది. రోజువారీ వాడకానికి అది తగదు. మొదటి డ్యాష్‌బోర్డు గీయకముందే దాన్ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మార్చుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

ఐఫ్రేమ్ విషయంలో అందరినీ తిప్పలు పెట్టేవి కొన్ని ఉన్నాయి. పోర్టల్ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండి, రిపోర్టు సర్వరు ఉత్త హెచ్‌టీటీపీ మీద ఉంటే బ్రౌజరు ఆ ఫ్రేమును రానివ్వదు, ఖాళీ తెల్ల పెట్టె మిగులుతుంది. రెండూ వేర్వేరు డొమైన్ల మీద ఉంటే కుకీలు అడ్డుపడతాయి, మూడో పక్షం కుకీలను ఆపే బ్రౌజర్లలో లాగిన్ మళ్లీ మళ్లీ అడుగుతుంది. అందుకని ముందు ఒక ఎన్జిన్‌ఎక్స్ (వచ్చే అభ్యర్థనలను సరైన సర్వరుకు మళ్లించే సాఫ్ట్‌వేర్) పెట్టి, పోర్టల్‌నూ రిపోర్టులనూ ఒకే డొమైన్ కిందికి తెచ్చి, ఒకే సర్టిఫికెట్ వాడితే ఈ తలనొప్పులు సగం పోతాయి. కేంద్రాల వద్ద ఉన్నవారు మొబైల్ డేటాతో చూడవలసి వస్తే వీపీఎన్ ఇవ్వండి గాని, రౌటర్‌లో పోర్టు తెరిచి రిపోర్టు సర్వరును బయటి ప్రపంచానికి వదలకండి.

ప్రశ్న అడిగినవారు: భీమవరం_ఐటీ

ఇద్దరికీ ధన్యవాదాలు. "ఎవరి పేరు మీద" అన్న ప్రశ్నతో చూస్తే మా పరిస్థితి తేటగా కనిపిస్తోంది. మా కేంద్రాల్లో పనిచేసేవారు తరచూ మారుతుంటారు, సీజన్‌లో పెరుగుతారు, ఆ తర్వాత తగ్గుతారు. ప్రతి ఒక్కరికీ అకౌంటు తీయడం, మూసేయడం మా ఇద్దరి వల్ల కాదు. కాబట్టి పోర్టల్ పేరు మీద తెరుచుకునే పద్ధతే మాకు నప్పుతుంది. యాజమాన్యంలో ఉన్న నలుగురైదుగురికి మాత్రం పవర్ బీఐ ప్రో తీసుకుని, నేను చేసిన రిపోర్టులను వారికి అలాగే ఉంచాలనుకుంటున్నాను.

ఇప్పుడు మిగిలిన సందేహం "లైవ్" గురించి. రిపోర్టు నేరుగా డేటాబేస్‌ను అడిగేలా పెట్టి చూస్తే, ఉదయం వ్యాన్లు వరసగా వచ్చే సమయంలో కాటా దగ్గర ఎంట్రీ సాఫ్ట్‌వేర్ కాసేపు బిగుసుకుపోతోంది. ట్రేలు కాటా మీద ఉంటాయి, సేవ్ నొక్కితే తిరుగుతూనే ఉంటుంది, ఐసు కరుగుతుంటుంది, డ్రైవరు హారన్ కొడుతుంటాడు. రిపోర్టు ఆపితే అంతా మామూలే. అలాగని పవర్ బీఐలో ఇంపోర్ట్ పద్ధతి (డేటాను ముందే కాపీ చేసి ఉంచుకోవడం) పెడితే రోజుకు ఎనిమిదిసార్లకు మించి తాజా కాదంటోంది. మధ్యేమార్గం ఏదైనా ఉందా?

జవాబు: తణుకు_డేటాబేస్

మీ కాటా దగ్గర జరుగుతున్నది లాకుల సమస్య. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు అమరికలో, ఒక పెద్ద రిపోర్టు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) పట్టికను చదువుతున్నంతసేపు తాను చదివే వరుసల మీద, కొన్నిసార్లు పట్టిక మొత్తం మీద లాకు పట్టుకుంటుంది. ఆ సమయంలో రాయవలసినవారు ఆగిపోతారు. రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్ అనే అమరికను ఆ డేటాబేస్‌కు ఆన్ చేస్తే, చదివేవారికి అప్పటివరకు ఖాయమైన పాత ప్రతి అందుతుంది, రాసేవారు ఆగనక్కరలేదు. దానివల్ల టెంప్‌డీబీ (సర్వరు తాత్కాలికంగా వాడుకునే డేటాబేస్) మీద కొంత భారం పెరుగుతుంది, అది ఉన్న డిస్కులో ఖాళీ చూసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ మీకు అమ్మినవారిని అడగకుండా మాత్రం ఈ మార్పు చేయవద్దు, ఎందుకంటే కొన్ని పాత ప్రోగ్రాములు లాకులు పడతాయన్న నమ్మకం మీదే రాసి ఉంటాయి. రిపోర్టు క్వెరీల్లో నోలాక్ (లాకులను పట్టించుకోకుండా చదవమనడం) అని రాసి పని కానిచ్చుకోమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అలా చేస్తే ఇంకా ఖాయం కాని ఎంట్రీలు కూడా లెక్కలోకి వస్తాయి, ఒక్కోసారి ఒకే వరుస రెండుసార్లు కూడా రావచ్చు. కిలోకు డబ్బు లెక్కగట్టే చోట అది కుదరదు.

అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఏ రిపోర్టు ఎంత తాజాగా ఉండాలన్నది. లైవ్ అన్న మాటను అన్నిటికీ ఒకే తీరుగా పట్టించుకోవద్దు. ఒక్కో రిపోర్టు దగ్గర కూర్చుని, "ఈ అంకె అరగంట పాతదైతే మీరు తీసుకునే నిర్ణయం మారుతుందా?" అని చూసేవారినే అడగండి. ప్లాంటుకు దారిలో ఉన్న సరుకు, గేటు లోపలికి వచ్చిన సరుకు అయితే పది నిమిషాల తేడా చాలు, ఎందుకంటే ఆకివీడు నుంచి వ్యాను రావడానికే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. కోల్డ్ స్టోరేజీ నిల్వకు గంట చాలు. రైతులకు చెల్లింపుల బాకీ రోజుకొకసారి చూస్తే చాలు. కోల్డ్ స్టోరేజీ గది ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలకు పైకి వస్తోందన్న సంగతి నిమిషాల్లో తెలియాలి గాని, దానికి రిపోర్టు సరైన సాధనమే కాదు. ఎవరో పోర్టల్ తెరిచి చూసేదాకా ఆగే విషయం కాదది. దానికి సైరన్ కావాలి, ఫోనుకు సందేశం వెళ్లాలి.

పది నిమిషాల తాజాదనం కోసం నేను సూచించేది, రిపోర్టుల కోసమే ఒక చిన్న డేటాబేస్ వేరుగా పెట్టుకోవడం. ప్రతి పది నిమిషాలకు ఒక జాబ్ (వేళకు తనంతట తాను నడిచే ప్రోగ్రాము) నడిచి, గత నడక తర్వాత కొత్తగా వచ్చిన, మారిన ఎంట్రీలను మాత్రమే తెచ్చి, కేంద్రం, కౌంటు, గంట వారీగా కూడి, సారాంశ పట్టికల్లో వేస్తుంది. మెటాబేస్ అయినా మరొకటైనా ఆ పట్టికలనే చదువుతుంది, అసలు డేటాబేస్ జోలికి పోదు. మీది ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అయితే జాబ్‌లను వేళకు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ ఉండదు, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో అదే పని చేయించుకోవచ్చు. ఆ జాబ్ వాడే లాగిన్‌కు అసలు డేటాబేస్‌లో చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, అదీ అవసరమైన వ్యూల (పట్టికలో ఎంచిన భాగాన్నే చూపించేవి) మీదే. రైతుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ నంబర్లు ఆ వ్యూల్లోకి రానేకూడదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది కాబట్టి దీన్ని మర్యాద కొద్దీ చేసే పనిగా చూడకండి.

పవర్ బీఐ ఉంచుకునే యాజమాన్యం రిపోర్టులకు, ఎనిమిది రిఫ్రెష్‌లను రోజంతా సమంగా పంచకండి. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఐదారు పెట్టి, మిగిలినవి సాయంత్రానికి ఉంచండి. ప్లాంటులోని డేటాను పైకి పంపే గేట్‌వే కోసం రౌటర్‌లో ఏ పోర్టూ బయటివారికి తెరవనక్కరలేదు, అది లోపలి నుంచి బయటికే కనెక్షన్ పెట్టుకుంటుంది. కానీ అది ఉన్న యంత్రం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎంతసేపు పోతుందో నేను చెప్పనక్కరలేదు. వరసగా నాలుగుసార్లు రిఫ్రెష్ విఫలమైతే పవర్ బీఐ ఆ షెడ్యూలునే ఆపేస్తుంది. కరెంటు వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలుకాదు, ఎవరో వెళ్లి ఆన్ చేయాలి. గేట్‌వేను యూపీఎస్, జనరేటర్ లైను ఉన్న సర్వరు మీద పెట్టండి గాని, ఎవరి ల్యాప్‌టాప్ మీదా పెట్టకండి.

జవాబు: పాలకొల్లు_లెక్కలు

నేను ప్రోగ్రామరును కాను, ఒక ప్లాంటులో లెక్కలు చూస్తాను. మాకు ఇలాంటి రిపోర్టులు పెట్టినప్పుడు కనిపించిన రెండు విషయాలు చెబుతాను, పై సాంకేతిక చర్చలో అవి రాలేదు.

మొదటిది తేదీ. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో "ఈ రోజు" అన్న ఫంక్షన్ మన కంప్యూటరు గడియారాన్ని చూస్తుంది. అదే రిపోర్టు సర్వీస్‌లోకి వెళ్లాక యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయాన్ని చూస్తుంది, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనుక. అంటే ఉదయం 5.30 దాకా ఆ రిపోర్టుకు ఇంకా నిన్నటి తేదీయే. వేరే వ్యాపారంలో ఎవరూ గమనించకపోవచ్చు గాని, రొయ్యల వ్యాపారంలో అసలు పనంతా జరిగేది ఆ గంటల్లోనే. పట్టుబడి అయి, వ్యాను వచ్చి, కాటా వేసిన సరుకు "ఈ రోజు కొనుగోలు" పెట్టెలో కనిపించదు, అందరూ ఎంట్రీ వేసిన అబ్బాయిని తిడతారు. దీన్ని డేటాబేస్ వైపే సరిచేసి, "వ్యాపార తేదీ" అని ఒక కాలమ్ పెట్టించండి. రాత్రి పన్నెండు దాటాక వచ్చిన లాటు ఏ రోజు ఖాతాలోకి వెళ్లాలో మీ కంపెనీ ముందే రాతపూర్వకంగా తేల్చుకుంటే, ఉత్పత్తివారి అంకె, కొనుగోళ్లవారి అంకె ఒకదానితో ఒకటి కలుస్తాయి.

రెండవది సగటు కౌంటు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అన్నది కాబట్టి, లాట్ల కౌంట్లన్నీ కూడి లాట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది తప్పు అంకె. 30 కౌంటు సరుకు 900 కిలోలు, 60 కౌంటు సరుకు 100 కిలోలు వచ్చాయనుకోండి. రిపోర్టు సాధనం తనంతట తాను సగటు తీస్తే 45 చూపిస్తుంది. నిజానికి మొత్తం రొయ్యలు 33,000, మొత్తం బరువు 1,000 కిలోలు, కాబట్టి సగటు 33. 33కూ 45కూ రేటులో ఎంత తేడా ఉంటుందో ఈ వ్యాపారంలో ఉన్నవారికి వేరే చెప్పాలా? ఎక్సెల్‌లో అయితే లెక్క చూసే మనిషికి అనుమానం వచ్చి సరిదిద్దుతాడు. లైవ్ రిపోర్టులో ఎవరూ తిరిగి లెక్కపెట్టరు, తెర మీద కనిపించిందే నిజమైపోతుంది. సారాంశ పట్టికల్లో సగటును దాచకండి. మొత్తం బరువు, మొత్తం రొయ్యల సంఖ్య దాచి, సగటును చూపించేటప్పుడే భాగహారం చేయించండి.

ఇంకొక చిన్న కోరిక కూడా ఉంది. ప్రతి రిపోర్టు పైన "ఈ అంకెలు ఫలానా సమయానివి" అని పెద్ద అక్షరాలతో, మన సమయంలో, తెలుగులో రాయించండి. అది లేకపోతే జాబ్ ఆగిపోయిన రోజున కూడా అందరూ నిన్నటి అంకెలనే లైవ్ అనుకుని చూస్తారు.

ప్రశ్న అడిగినవారు: భీమవరం_ఐటీ

నలుగురికీ కృతజ్ఞతలు. తేదీ సంగతి వెంటనే పరీక్షించాను, పాలకొల్లు వారు చెప్పినట్లే జరుగుతోంది. రీడ్ కమిటెడ్ స్నాప్‌షాట్ గురించి సాఫ్ట్‌వేర్ వారికి ఉత్తరం రాశాను. వారి జవాబు వచ్చేలోగా వేరే డేటాబేస్, పది నిమిషాల జాబ్ పని మొదలుపెడుతున్నాం. ముందుగా ఆకివీడు కేంద్రానికి ఒక్క రిపోర్టు మెటాబేస్‌లో పెట్టి, మిగిలిన కేంద్రాలకు తర్వాత ఇస్తాం.

చివరిగా ఒక సందేహం. కేంద్రం పేరును టోకెన్‌లో లాక్ చేయడానికి, ఆ పేరును పోర్టల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఇప్పుడు మా పోర్టల్‌లో ఉద్యోగి తన ప్రొఫైల్ పేజీలో కేంద్రం పేరును తానే ఎంచుకుంటాడు.

జవాబు: కాకినాడ_సర్వర్

ఆ ప్రొఫైల్ నుంచి తీసుకోకండి. తన కేంద్రాన్ని తానే మార్చుకోగలిగితే టోకెన్‌కు సంతకం ఉండి కూడా ప్రయోజనం లేదు. కైకలూరు అని ఎంచుకుని సేవ్ నొక్కిన మరుక్షణం మీ సర్వరే స్వయంగా సంతకం చేసి కైకలూరు రేట్లు అందిస్తుంది. హాజరు కోసం హెచ్‌ఆర్ వారు నడిపే ఉద్యోగుల పట్టికలో పోస్టింగ్ కాలమ్ ఉంటుంది కదా, దాన్నే ఆధారంగా తీసుకోండి. అది మార్చే హక్కు హెచ్‌ఆర్‌కు మాత్రమే ఉండాలి. ఒకరికి రెండు కేంద్రాల బాధ్యత ఉంటే లాక్ చేసిన పరామితిలో రెండు విలువలూ పంపవచ్చు. పోస్టింగ్ ఖాళీగా ఉన్నవారికి టోకెనే ఇవ్వకండి. "ఖాళీ అంటే అన్నీ" అని అర్థం వచ్చేలా క్వెరీ రాసి ఉందేమో ఆకివీడుకు ఇచ్చేముందు ఒకసారి చూసుకోండి.